వంటింటి ఫ్యాను

నేను కెమిస్ట్రీ తప్పిన ఏడాది, వేసవి మొత్తం అమ్మా నేనూ మామయ్య ఇంట్లో ఉన్నాం.

మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి. అదొక్కటే ముంచింది. నాన్న లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఫలితాలు తెలిసిన రోజు దారిలో ఎక్కడో బండి ఆపుకుని ఫోన్ చేశాడు. తిట్టలేదు. "సప్లిమెంటరీ రాయి. అదీ పోతే పుస్తకాలు కట్టకట్టి అటక మీద పడేద్దాం. బట్టల ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారు," అన్నాడు, సరుకు ఎక్కడ దించాలో చెప్పినంత మామూలుగా. నాకేమో నర్సు కోర్సులో చేరాలని ఉండేది. కెమిస్ట్రీ పాసవకుండా ఆ గుమ్మం తొక్కనివ్వరు.

అదే వారంలో మామయ్య ఫోన్ చేశాడు. మామయ్య అమ్మకి సొంత అన్నయ్య, పేరున్న కెమిస్ట్రీ లెక్చరర్. ఆయన క్లాసులో సీటు కోసం జనం ఎవరెవరి చేతో చెప్పించుకునేవారు. "మీ వదిన మేడ మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. నీకెలాగూ సెలవులే కదా, వంట సాయానికి రా. కోడలుపిల్లని కూడా వెంటబెట్టుకురా. దాన్ని పాస్ చేయించే పూచీ నాది," అన్నాడు.

అమ్మ ఒక స్కూల్ క్యాంటీన్లో వంటమనిషి. వేసవిలో క్యాంటీన్ మూత. ఫోన్ పెట్టేశాక అమ్మ కాలు నేల మీద నిలవలేదు. "చూశావా, అంత పెద్దవాడు తనంతట తను పిలిచాడు," అని సాయంత్రం దాకా అదే మాట.

మామయ్య ఇంట్లో ముందు గదే పాఠాల గది. ఏసీ, గోడకి తెల్ల బోర్డు, పొడుగాటి బల్ల. సెలవులు గనక బయటి పిల్లలెవరూ లేరు. బల్లకి ఒక పక్క నేనూ, నా పక్కన మామయ్య కూతురూ. ఆ పిల్లని ఇంట్లో అందరూ చిట్టి అనేవారు. నాకంటే ఏడాది పెద్దది, మెడికల్ ఎంట్రన్సుకి చదువుతోంది. అడిగినదానికి జవాబు చెప్పి, పెన్నుకి మూత పెట్టి, మళ్ళీ అడిగేదాకా నోరు విప్పేది కాదు.

మొదటి రోజు మామయ్య బల్ల మీద ఒక కప్పు, కింద ఒక బకెట్ పెట్టాడు. రెండింట్లోనూ నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"థర్మామీటర్ ముంచితే రెండూ ఒకటే చూపిస్తాయి. దేంట్లో వేడి ఎక్కువ, కోడలా?"

"రెండూ సమానమే," అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయం మామయ్యా."

ఆయన నవ్వాడు. మామయ్యది చాలా మంచి నవ్వు, చూస్తే ఎవరికైనా ధైర్యం వచ్చేది. "సమానంగా ఉన్నది ఉష్ణోగ్రత. ఉష్ణం కాదు. ఉష్ణోగ్రత అంటే ఎంత వేడిగా ఉందనేది. ఉష్ణం అంటే మొత్తం ఎంత వేడి ఉందనేది. కప్పు నీళ్ళు కాలి మీద పడితే బొబ్బ. బకెట్ పడితే ఆస్పత్రి. తెలిసిందా?"

"తెలిసింది."

"కానీ తప్పు చెప్పావు కదా. చిట్టీ."

చిట్టి లేచి గుమ్మం పక్కనున్న స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఒక స్విచ్ ఆపి వచ్చి కూర్చుంది. మా గదిలో ఏదీ ఆగలేదు. గోడ అవతల అప్పటిదాకా వినిపిస్తున్న గరగర మెల్లగా సన్నబడి, లేకుండా పోయింది.

"అది వంటింటి ఫ్యాను," అన్నాడు మామయ్య. "తప్పు చెప్పినందుకు నీకే శిక్ష వేశాననుకో, నువ్వు శిక్ష గురించి ఆలోచిస్తావు. పక్కవాళ్ళకి వేస్తే పాఠం గురించి ఆలోచిస్తావు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను సొంతంగా కనిపెట్టింది ఇదొక్కటే. తర్వాతి ప్రశ్నకి సరిగ్గా చెప్పు, ఫ్యాను తిరుగుతుంది."

తర్వాతి ప్రశ్నకి నీళ్ళు నమిలాను. ఆ తర్వాతదానికీ అంతే.

పాఠం అయ్యాక వంటింట్లోకి పరిగెత్తాను. ఆ వంటింటికి ఒకటే కిటికీ. కిటికీకి ఎదురుగా బయటి గోడకి పాఠాల గది ఏసీ పెట్టె బిగించి ఉంది. అది ఊదే గాలి తిన్నగా లోపలికి, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మొహం మీదకి వస్తోంది. కిటికీ మూస్తే ఆవిరి బయటికి పోయే దారి లేదు. తెరిస్తే ఆ గాలి. అమ్మ మెడ చుట్టూ తడి తువ్వాలు చుట్టుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. మొహం కందగడ్డలా ఉంది.

"ఫ్యాను చెడిపోయినట్టుంది. అన్నయ్యకి చెప్పాలి," అంది.

జరిగింది చెప్పాను. అమ్మ తరగడం ఆపలేదు.

"చిన్నప్పట్నించీ అంతే, ఆయన పద్ధతులు ఆయనవి. నేనేమన్నా వెన్నముద్దనా కరిగిపోడానికి? క్యాంటీన్లో ఇంతకి రెట్టింపు పొయ్యిల దగ్గర చేసినదాన్ని. నువ్వు సరిగ్గా చెప్పు, అంతే." తరిగినవి గిన్నెలో వేస్తూ, "నాన్నకి చెప్పకు," అంది.

నాన్న వారానికోసారి ఫోన్ చేసేవాడు. అంతా బాగుందా అనేవాడు. బాగుంది అనేది అమ్మ.

మామయ్య మంచి మాస్టారు కాకపోయి ఉంటే ఆ వేసవి సగం తేలికయ్యేది. కానీ ఆయన చెప్తుంటే కాలేజీలో ఏడాదంతా బుర్రకెక్కనిది ఇట్టే ఎక్కేది. ఒకరోజు గ్లాసు నీళ్ళలో గుప్పెడు యూరియా గుళికలు పోసి, కలిపి నా చేతికిచ్చాడు. చూస్తుండగానే గ్లాసు ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లబడింది. మంచు ముక్క వెయ్యలేదు, ఏమీ లేదు. నాకు నవ్వాగలేదు.

"ఎందుకు చల్లబడింది?"

"కరగడానికి దానికి వేడి కావాలి. చుట్టూ ఉన్న నీళ్ళలోంచి, గ్లాసులోంచి, నా చేతిలోంచి లాక్కుంది."

"అలాంటిదాన్నేమంటాం?"

"ఉష్ణగ్రాహక చర్య."

"వేడి పుట్టిందా, పోయిందా?"

"పుట్టలేదు, పోలేదు. చోటు మారింది."

"శభాష్." గోడ అవతల ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు చెవిలో పడితే నాకు అమ్మ నవ్విన మొహం కనబడేది.

ఇంకో రోజు వ్యవస్థ, పరిసరాలు అనే పాఠం. మనం దేని గురించి మాట్లాడుతున్నామో అది వ్యవస్థ, దాని చుట్టూ ఉన్నదంతా పరిసరాలు. మామయ్య ఏసీ వైపు వేలు చూపించాడు.

"ఈ గది వ్యవస్థ అనుకుందాం. ఇందులోంచి వేడి పోయింది, చల్లబడింది. ఎక్కడికి పోయింది?"

"పరిసరాల్లోకి."

"పుస్తకంలో మాట వద్దు. ఈ ఇంట్లో ఎక్కడికి?"

నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. స్విచ్ బోర్డు వైపు చిట్టి కుర్చీ కొంచెం కదిలింది.

"వంటింట్లోకి," అన్నాను.

"ఇక్కడ తీసినంతే పోతోందా అక్కడికి?"

"ఇంకా ఎక్కువే. ఏసీ తినే కరెంటు కూడా వేడిగా మారి అటే పోతుంది."

ఆయన మొహం వెలిగిపోయింది. నాకొచ్చిన జవాబుకి అంత సంతోషించిన మాస్టారు అంతకుముందు ఎవరూ లేరు. "ఇది కాలేజీలో నలుగురు కూడా చెప్పరు కోడలా," అని అమ్మని కేకేసి నాకు నిమ్మరసం తెమ్మన్నాడు. అమ్మ తెచ్చింది. ఏసీ గదిలోకి అడుగుపెట్టగానే ఆమె భుజాల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ చల్లదనంలో ఇంకో రెండు క్షణాలు నిలబడాలని చూసింది. "సరే, వెళ్ళు. మాడుతుందేమో చూడు," అన్నాడు మామయ్య.

ఒక సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ చిట్టిని అడిగాను. "నువ్వెప్పుడూ తప్పు చెప్పవా?"

"చెప్పేదాన్ని." దుప్పటి అంచులు కలుపుతూ అంది. "అప్పుడు ఫ్యాను కాదులే. మెట్లు. నేను తప్పు చెప్పినప్పుడల్లా మా అమ్మ నిండు బకెట్ పట్టుకుని మేడెక్కి, మొక్కలకి పోసి దిగాలి. మిట్ట మధ్యాహ్నమైనా సరే."

మేడ అంచున కుండీలు వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ మొక్కలు ఎండిపోయి ఉన్నాయి.

"చివరిసారి అడిగింది కష్టమైనది కూడా కాదు. మంచు కరుగుతున్నంతసేపూ దాని ఉష్ణోగ్రత పెరుగుతుందా అన్నాడు. పెరగదని నాకు తెలుసు. నోట్లోంచి పెరుగుతుందని వచ్చేసింది. అమ్మ అప్పటికే చాలాసార్లు ఎక్కి దిగింది ఆ రోజు." దుప్పటి మడత పెట్టేసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు మంచం మీదుంది కదా, మెట్ల గొడవ లేదు. నాకు జవాబులన్నీ ఇట్టే వస్తున్నాయి. మీరొచ్చాక ఇంకా హాయిగా ఉంది. నేను తప్పు చెప్పినా మీ అమ్మకే."

ఎత్తిపొడుపు కాదు, కడుపులో ఉన్నది చెప్పింది. దుప్పటి పట్టుకుని మెట్లు దిగాను.

అత్తయ్య గది వెనక వైపు. కాలికి కట్టిన ప్లాస్టర్ మేమొచ్చిన కొన్నాళ్ళకే విప్పేశారు. డాక్టరు మెల్లగా నడవమన్నాడట. అత్తయ్య మాత్రం కాలు ఆనడం లేదని, గోడ పట్టుకుని కుంటుతూ స్నానాలగదికి వెళ్ళడానికి తప్ప మంచం దిగలేదు. మూడు పూటలా అమ్మే కంచం తీసుకెళ్ళేది, స్నానానికి నీళ్ళు తోడిపెట్టేది. పొద్దున్నా సాయంత్రం నేను టీ ఇచ్చేదాన్ని. అత్తయ్య నాతో తియ్యగా మాట్లాడేది. "మీ మామయ్య మనసు మంచిదే. చదువు విషయంలోనే ఆ పట్టుదల," అనేది.

ఒక ఉదయం టీ పట్టుకెళ్తే తలుపు ఓరగా ఉంది. అత్తయ్య బీరువా ముందు ముని వేళ్ళ మీద నిలబడి, పై అరలోంచి ఏదో డబ్బా అందుకుంటోంది. రెండు కాళ్ళ మీద, ఏదీ పట్టుకోకుండా. నన్ను చూసి కంగారేమీ పడలేదు. డబ్బా తీసుకుని మంచం దగ్గరికి నడిచొచ్చి, పడుకుని దుప్పటి కప్పుకుంది.

"తలుపు వెయ్యి."

వేశాను.

"నీ పరీక్ష ఎప్పుడు?"

"రెండు వారాలుంది అత్తయ్యా."

"అప్పటిదాకా నేను మంచం దిగకపోవడమే నీకు మంచిది. నేను లేస్తే మీ అమ్మకి ఇక్కడ పనేముంది? మీ అమ్మ లేకపోతే నీకు పాఠమేముంది?" టీ అందుకుని ఒక గుక్క తాగింది. "చక్కెర సరిగ్గా వేసింది. మీ అమ్మ చేతిలో ఏదో ఉంది."

అమ్మకి చెప్పలేదు నేను. చెప్పి చేసేదేముందో నాకే అర్థం కాలేదు.

పరీక్ష ఇంకో నాలుగైదు రోజులుందనగా గుప్తోష్ణం పాఠం మళ్ళీ తిరగేస్తున్నాం. ఆ రోజు ఫ్యాను ఆగింది చిట్టి వల్ల. ఏదో చిన్న లెక్క తప్పింది, తనే లేచి వెళ్ళి ఆపి వచ్చి కూర్చుంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మామయ్య స్నేహితులు భోజనానికొస్తున్నారని అమ్మ పెద్ద గిన్నెలో బంగాళాదుంపలు ఉడకబెడుతోంది.

మూత నేల మీద పడి దొర్లిన చప్పుడు. వెంటనే అమ్మ గొంతు, అరుపు కూడా కాదు, ఊపిరి తెగినట్టు.

ముగ్గురం వెళ్ళాం. చెమట పట్టిన చేతిలోంచి మూత జారిందట. ఆవిరి కుడి ముంజేతికి కొట్టింది. మోచేతి దాకా ఎర్రగా కమిలి, చర్మం మీద మెరుపు తేలుతోంది. నేను కొళాయి తిప్పబోయాను.

"ఉండు," అన్నాడు మామయ్య.

అమ్మ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, నాడి చూసే డాక్టరులా. చేతిని వెలుగులోకి తిప్పాడు.

"మరిగే నీళ్ళు వంద డిగ్రీలు. వాటి మీంచి లేచే ఆవిరీ వంద డిగ్రీలే. నీళ్ళు పడితే ఇంతలా కాలదు. ఎందుకు?"

"మామయ్యా, ముందు చెయ్యి..."

"ప్రశ్న అడిగాను కోడలా."

అప్పుడే చదివిన పాఠం. అక్షరం అక్షరం వచ్చు. మొదటి మాట మాత్రం దొరకడం లేదు. చిట్టి కొళాయి వైపు చూస్తూ నిలబడింది, అడుగు వెయ్యలేదు. అమ్మ పెదవి పళ్ళ కింద తెల్లబడింది. ఆ పెదవి వదిలి, నన్ను నిద్రపుచ్చే గొంతుతో అంది.

"చెప్పమ్మా. నీకు వచ్చు కదా. కంగారు పడకుండా చెప్పు."

చెప్పాను. "ఆవిరి చర్మానికి తగలగానే నీళ్ళయిపోతుంది. ఆవిరి కావడానికి లోపల దాచుకున్న వేడి, గుప్తోష్ణం, అంతా అక్కడే వదిలేస్తుంది. ఆ తర్వాత ఆ నీళ్ళ వేడి కూడా తగులుతుంది."

"ఎంత దాచుకుంది? గ్రాముకి?"

"ఐదు వందల నలభై కెలోరీలు."

"మంచు కరగడానికి?"

"ఎనభై."

"చూశావా, ఎంత తేడానో." మణికట్టు వదిలాడు. "శభాష్. కొళాయి కింద పెట్టు, ధార సన్నగా ఉండాలి. ఐసు పెట్టకండి, చర్మం చెడుతుంది." అమ్మతో అన్నాడు, "ఇంక ఈ జన్మలో మర్చిపోదు ఇది."

"అవునన్నయ్యా," అంది అమ్మ.

జవాబు సరైనదే గనక చిట్టి వెళ్ళి ఫ్యాను వేసింది.

ఆ పూట భోజనం వేళకి అందింది. అమ్మ ఎడమ చేత్తో వడ్డించింది. వచ్చినవాళ్ళు కూర బాగుందన్నారు.

పరీక్ష రాశాను. ప్రశ్నలు చదువుతుంటే ఒక్కటి కూడా ఆలోచించాల్సిన అవసరం రాలేదు. అది ఇంటికొచ్చి చెప్తే అమ్మ కట్టు కట్టిన చేత్తోనే నా తల నిమిరింది.

మర్నాడు నాన్న లారీతో వస్తున్నాడనగా అత్తయ్య అమ్మని పిలిచింది. నేను బట్టలు సర్దుతూ అక్కడే ఉన్నాను.

"వదినా, ఇంకో పది రోజులు ఉండిపో. క్యాంటీన్ తెరవడానికి టైముందిగా. నా కాలు ఇంకా ఆనడం లేదు."

అమ్మ దుప్పటి కింద ఉన్న పాదాల వైపు చూసింది. "స్నానం చేసి తడి కాళ్ళతో మంచం దాకా వస్తావు. ఆ నేల తుడిచేది నేనే కదా వదినా. రెండు పాదాల గుర్తులూ సమానంగా ఉంటాయి."

అత్తయ్య మొహంలో రంగు పోయింది. "ఎప్పట్నించి తెలుసు?"

"ప్లాస్టర్ విప్పిన వారం నుంచీ."

"మరి చెప్పలేదే?"

"చెప్తే నా పిల్ల చదువు ఆగిపోయేది."

అంటే అమ్మకి నాకంటే ముందే తెలుసు. తెలిసే మంచం దగ్గరికి కంచాలు మోసింది. అత్తయ్య లేచి కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకోబోయింది. కట్టు చూసి వేళ్ళు వెనక్కి తీసుకుంది. "ఇప్పుడూ చెప్పకు. నీకు పుణ్యముంటుంది. ఆ మెట్లు నేనింక ఎక్కలేను."

అమ్మ చేతికి రాసుకునే మందు డబ్బా సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

మర్నాడు నాన్న పళ్ళ బుట్టతో వచ్చాడు. మామయ్యకి రెండు చేతులూ జోడించాడు. అమ్మ చేతికి ఏమైందని అడిగితే, "వంటింట్లో మామూలే," అంది అమ్మ. "మా చెల్లెలు బంగారం బావా," అన్నాడు మామయ్య. "ఈ రెండు నెలలూ ఇల్లు నిలబెట్టింది. ఇప్పుడెలాగో ఏమో మాకు."

"ఇబ్బందేం లేదన్నయ్యా," అంది అమ్మ. చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా అంది. "వదిన చక్కగా నడుస్తోంది. నీతో చెప్పలేదేమో."

చిట్టి గోడకి ఆనుకుని నిలబడింది.

"అవునా?" అన్నాడు మామయ్య. నిజంగా సంతోషించినట్టే కనిపించాడు. "చిట్టీ, మీ అమ్మని ఇలా రమ్మను."

చిట్టి కదలలేదు. పిలవాల్సిన పని కూడా లేకపోయింది. అత్తయ్య అన్నీ వింటూనే ఉన్నట్టుంది, తనే వచ్చి గుమ్మంలో నిలబడింది. గోడ పట్టుకోలేదు. అమ్మ వైపు చూడలేదు.

"భలే," అన్నాడు మామయ్య ఆప్యాయంగా. "మెట్లు ఎక్కగలవా?"

లారీలో నాన్నకీ నాకూ మధ్య అమ్మ కూర్చుంది. ఊరు దాటాక నేను అడిగాను, "ఎందుకు చెప్పావమ్మా?"

"అబద్ధం చెప్పానా?" అంది అమ్మ.

నాన్న ఏమిటి సంగతి అని ఇద్దరి వైపూ చూశాడు. "ఏం లేదు, రోడ్డు చూడు," అంది.

నేను పాసయ్యాను, మంచి మార్కులతోనే. ఫలితాలొచ్చిన సాయంత్రం మామయ్య నంబర్ నుంచి ఫోన్. ఎత్తితే చిట్టి. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"పాసయ్యావటగా. నాన్న అందరికీ చెప్పుకుంటున్నాడు."

"నువ్వెలా ఉన్నావు? అత్తయ్య?"

"మీ అమ్మకి ఒకసారి ఇవ్వవూ. మళ్ళీ ఎప్పుడొస్తారో అడగాలి. నాలుగు రోజులకైనా సరే."

అమ్మ నా పక్కనే కూర్చుని చేతి మీద మందు రాసుకుంటోంది. కొత్త చర్మం గులాబీ రంగులో, పల్చగా ఉంది. ఫోన్లో మాట తనకీ వినబడింది. నా మొహంలోకి చూసి, లేదని చెప్పమన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"అమ్మ ఇంట్లో లేదు చిట్టీ," అన్నాను.

"సరే," అంది చిట్టి. చాలాసేపటి దాకా ఫోన్ పెట్టలేదు.